పద్దెనిమిది సంచుల ధ్వంసం

మా కార్యాలయం అనుమతి లేకుండా మొలకెత్తి రికార్డులకెక్కిన మొట్టమొదటి నేరస్థురాలు ఒక వేపగింజ. ఊళ్ళో ఇంకెక్కడా చోటు దొరకనట్టు అది మా గోడలోనే, సరిగ్గా డిప్యూటీ డైరెక్టరు గారి కిటికీ కింద, పగులులోంచి రెండాకులు బయటపెట్టింది.

గింజ మొలకెత్తితే నేరమేమిటని అడిగేవాళ్ళు ఉంటారు కాబట్టి కాస్త వెనక్కి వెళ్ళి చెప్తాను. మూడేళ్ళ కిందట ఒక కంపెనీ అమ్మిన విత్తనాలు మొలకెత్తలేదు. రైతులు ఆ ఖాళీ సంచులన్నీ తెచ్చి మా గేటు ముందు పోగేసి, నోటికొచ్చినట్టు తిట్టి వెళ్ళారు. ఎందుకు మొలవలేదో సంజాయిషీ ఇవ్వమని పైనుంచి తాఖీదు వచ్చింది. మా విత్తన నియంత్రణ కార్యాలయంలో తొమ్మిది మందిమి కూర్చుని, మూడు దఫాల టీ తాగి తేల్చింది ఏమిటంటే, సృష్టి మొదలైనప్పటి నుంచీ మొలకెత్తడమనే పని ఎవరి అజమాయిషీ లేకుండా జరిగిపోతోంది. అజమాయిషీ లేని పనికి బాధ్యులెవరు? ఎవరూ కారు. కాబట్టి ముందు అజమాయిషీ ఏర్పాటు కావాలి.

అలా పుట్టింది మొలకల క్రమబద్ధీకరణ ఉత్తర్వు. ఇకమీదట గింజ గానీ, గడ్డ గానీ, టెంక గానీ ముందస్తు లిఖితపూర్వక అనుమతి లేనిదే మొలకెత్తరాదు. దరఖాస్తులో పదకొండు గడులు. పరిశీలనకు నలభై అయిదు పనిదినాలు. అనుమతి లేకుండా మొలకెత్తినదాన్ని స్వాధీనం చేసుకుని ధ్వంసం చేసే అధికారం మాకు. ఆ విత్తనాలమ్మిన కంపెనీని మాత్రం ఏమీ అనడానికి వీల్లేకపోయింది. వాళ్ళ విత్తనాల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా అనుమతి లేకుండా మొలకెత్తలేదు.

ఉత్తర్వు రాసింది మా డిప్యూటీ డైరెక్టరు మార్కండేయులు గారు. దాన్ని కాగితం మీద పెట్టే సీనియర్ అసిస్టెంటును నేను. ఆయన చెప్తారు, నేను రాస్తాను, ఆయన సంతకం పెడతారు. ఇరవై రెండేళ్ళుగా నా చేతిరాత బాగుందన్నారే తప్ప నా అభిప్రాయం ఏమిటని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

"మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు పెద్దలు," అని మార్కండేయులు గారు ఉత్తర్వు విడుదల సభలో అన్నారు. "పెద్దలు అక్కడితో ఆగిపోయారు. నేను ఒక మెట్టు కిందికి దిగి, మొలకగా వంగనిది మొక్కై వంగునా అని ప్రశ్నిస్తున్నాను."

సభలో చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

ఇక ఆ వేపమొక్క సంగతి. గింజను నాటినదెవరో విచారించగా, కరెంటు స్తంభం మీద కాపురముంటున్న ఒక కాకి వేపపండు తిని గింజను గోడమీద విసర్జించినట్టు మా అటెండరు రుక్మొద్దీన్ వాంగ్మూలమిచ్చాడు. కాకి పేరిట నోటీసు తయారైంది. పదిహేను రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలెనని రాసి స్తంభానికి అతికించాం. మూడోరోజున కాకి ఆ నోటీసు మీద తెల్లగా ముద్ర వేసింది. రుక్మొద్దీన్ కాగితాన్ని జాగ్రత్తగా ఊడదీసి తెచ్చి, "నోటీస్ అందింది సాబ్, ఇగో నిషానీ," అన్నాడు. అది ఫైలులో ఉంది. ఇప్పటికీ ఉంది.

మొక్కను పీకేద్దామంటే అడ్డంకి వచ్చింది. రెండాకులు వేశాక అది చెట్టు కింద లెక్క, చెట్టును కొట్టాలంటే చెట్ల శాఖ అనుమతి కావాలి. ఆ శాఖకు ఉత్తరం రాశాం. జవాబు రాలేదు. నెలాఖరు నివేదికలో ఖాళీ ఉంచకూడదు కాబట్టి "మొక్క తొలగించబడినది" అని రాయించారు మార్కండేయులు గారు. కిటికీలోంచి అది ఆయన భుజం మీదుగా తొంగిచూస్తుండగా రాశాను.

ఆ ఏడే గింజ నుంచి చెట్టు అనే ఉద్యమం కూడా నడిచింది. పదివేల వేపగింజలు ఏరించి, కడిగించి, నీడన ఆరబెట్టించాం. వేపగింజ ఏరిన రెండు మూడు వారాల్లో నాటితేనే మొలుస్తుందని ఏరిన ఆడవాళ్ళు చెప్పారు. ఉత్తర్వు ముందు అందరూ సమానమే కాబట్టి మా గింజల తరఫున మేమే మాకు దరఖాస్తు పెట్టుకున్నాం. కొర్రీలు వేసుకున్నాం. కొర్రీలకు జవాబులు రాసుకున్నాం. తొమ్మిదో నెలలో అనుమతి వచ్చింది. సన్నాయి పెట్టించి, పదివేల సంచుల్లో పదివేల గింజలు నాటాం. ఒక్కటీ మొలవలేదు. "ఉల్లంఘనలు: సున్నా. గింజల క్రమశిక్షణ: నూటికి నూరు" అని నివేదిక వెళ్ళింది. మార్కండేయులు గారికి శాలువా కప్పారు.

సరిగ్గా ఆ శాలువా కప్పిన వారంలోనే మొగులమ్మ వచ్చింది.

మొగులమ్మది ఎర్రగట్టు. మా పట్నానికి ఆరు మైళ్ళు. ఎకరం ఎర్రనేల, ఒక బోరు. ఆ బోరులో నీళ్ళు శివరాత్రి దాకానే. అందుకని కార్తీకంలో ఆలుగడ్డ పెట్టుకుని శివరాత్రికి తవ్వుకుంటుంది. ఏడాదికి ఆమెకు ఆ ఒక్క పంటే. ఆలుగడ్డ చలిపంట. కార్తీక పున్నమి దాటిందంటే కింద గడ్డ ఊరేలోపు ఎండలు ముదిరి చెట్టు వాడిపోతుంది. ఇదంతా నాకు ఆమె చెప్తేనే తెలిసింది. మా కార్యాలయంలో పున్నమి ఎప్పుడో తెలిసినవాళ్ళు లేరు.

ఆమె ఒడిలో నాలుగు గడ్డలు పట్టుకొచ్చి నా బల్లమీద పెట్టింది. కోడిగుడ్డంత గడ్డలు. కొంచెం ముడతలు పడ్డాయి. ఒక్కోదానికి మూడు నాలుగు పొట్టి మొలకలు, ఊదారంగువి, గట్టిగా, బొడిపెల్లా ఉన్నాయి.

"సారూ, పద్దెనిమిది సంచులున్నయ్ ఇసొంటియి. ఇరవై దినాల సంది నీడకు ఇసుక మీద పరిసి పెట్టిన. ఏదో కాయితం గావాల్నంట గద. జెర తొందరగ ఇయ్యున్రి. పున్నమి పదిహేడు దినాలే ఉన్నది."

నేను ఏమన్నా అనేలోపే మార్కండేయులు గారు గదిలోంచి బయటికి వచ్చారు. గడ్డలను చూసి అడుగు వెనక్కి వేశారు.

"ఇవి మొలకెత్తినవా?"

"ఎత్తినయ్ సారూ. మంచిగెత్తినయ్," అంది మొగులమ్మ సంతోషంగా.

"ఎవరి అనుమతితో?"

మొగులమ్మ నావైపు చూసింది. నేను ఫైలువైపు చూశాను.

"మొలకలు జూసే గద సారూ ఇత్తనం గడ్డ పట్టేది," అంది. "గిట్ల పొట్టిగ, లావుగ ఉన్నదనుకో, గది మంచి గడ్డ. దారమోలె సన్నగ తెల్లగ వచ్చిందనుకో, గండ్ల రోగమున్నట్టు. గది తీసి పారేస్తం. అసలే రాలేదనుకో, గది కూరకే. పెద్దగ నున్నగ ఉన్నదాన్ని జూసి మోసపోవద్దని మా అత్త చెప్పేది."

మార్కండేయులు గారికి ఇలాంటి అజ్ఞానం మీద జాలి ఎక్కువ. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"అమ్మా, నీ ఎంపిక విధానం సమూలంగా దోషభూయిష్టం. ఏ గడ్డ అనుమతి వచ్చేవరకు నిగ్రహించుకుని, నున్నగా, నిశ్చలంగా ఉంటుందో అదీ ప్రామాణికమైన విత్తనం. కాస్త నీడ, ఇసుక తగిలిందో లేదో, వెంటనే మొలకెత్తే గడ్డకు సంయమనం లేదు. అటువంటి దాని సంతానం ఎలా ఉంటుందో ఊహించుకో."

"సంతానం ఆలుగడ్డలే ఉంటయ్ సారూ," అంది మొగులమ్మ.

ఆ సాయంత్రానికి పద్దెనిమిది సంచులూ మా రికార్డు గదిలో ఉన్నాయి. తాళం నా దగ్గర ఉంది.

ఆ తర్వాత ఆమె రోజూ వచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు. వచ్చి వరండాలో కూర్చుని, నేను కనబడగానే "పదహారు," అనేది. మర్నాడు "పదిహేను". పున్నమికి ఎన్నాళ్ళుందో ఆ లెక్క. కిటికీ తలుపు కాస్త తెరిచి ఉంచమని ఒక్క కోరిక కోరింది. "చీకట్ల ఉంటే మొలకలు పొడుగు సాగి పాడయితయ్ సారూ, జెర ఎలుగు తగలనియ్యున్రి." తెరిచాను. నా ఉద్యోగ జీవితంలో ఉత్తర్వు లేకుండా చేసిన మొదటి పని అది.

ఎర్రగట్టులో మిగతా ఆలుగడ్డ రైతులు నలభై ఒక్కమంది. వాళ్ళలో పెద్దాయన సంగప్ప. ఎవరికీ ఎదురు చెప్పి ఎరగడు. అందరినీ కూడగట్టుకుని వచ్చి పద్ధతి ప్రకారం దరఖాస్తులు పెట్టాడు. పరిశీలనకు తెచ్చిన గడ్డల్లో చిన్న మొలకలు కనబడటంతో, వాటిని తుంచి శుభ్రంగా తెమ్మన్నాం. సంగప్ప ఇంటికెళ్ళి, కోడలితో కూర్చుని, సంచులు కుమ్మరించి ఒక్కో మొలకా తుంచి తెచ్చాడు. వారానికి మళ్ళీ వచ్చాయి. మళ్ళీ తుంచమన్నాం. మూడోసారి తుంచాక గడ్డలు ముసలివాళ్ళ చెంపల్లా లోపలికి పోయాయి. "ఇప్పుడు వీటిలో వినయం కనబడుతోంది," అన్నారు మార్కండేయులు గారు. అనుమతి ఇవ్వడానికి అర్హమైనవని రాయించారు. నలభై అయిదు పనిదినాలు పూర్తయ్యాక అనుమతి ఇచ్చాం కూడా. అప్పటికి పున్నమి పోయి నెల దాటింది. సంగప్ప ఆ గడ్డలను బర్రెలకు వేసి, అనుమతి పత్రాన్ని మడిచి జేబులో పెట్టుకుని, కోడలినీ కొడుకునీ తీసుకుని చెరుకు కొట్టే కూలికి పోయాడు. ఆ పత్రం మీద ఉన్నది నా చేతిరాతే. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

అది తర్వాతి మాట. మొగులమ్మ లెక్క "ఆరు" దగ్గరికి వచ్చిన రోజున మార్కండేయులు గారు ధ్వంసానికి ముహూర్తం పెట్టారు. ఎలా ధ్వంసం చేయాలన్న దానిమీద సమావేశం జరిగింది.

కాల్చేద్దామని ఒకరన్నారు. పచ్చి గడ్డలు కాలవు, ఉడుకుతాయి. ఉడికితే వాసన వస్తుంది, సిబ్బంది తింటారు, అది ప్రభుత్వ సొమ్మును భుజించడమవుతుంది. చెత్తకుప్పలో పోద్దామంటే పశువులు తింటాయి, నేరం పశువులకు సంక్రమిస్తుంది. చివరికి మార్కండేయులు గారే పరిష్కారం ప్రతిపాదించారు.

"ఛేదనము, ఖననము. ముక్కలుగా కోసి భూమిలో పాతిపెట్టాలి. కోసినది మళ్ళీ అతకదు. పాతినది మళ్ళీ లేవదు."

నాకు మాట నోటిదాకా వచ్చింది. నేను పట్నంలో పుట్టినవాణ్ణే గాని, చిన్నప్పుడు మా మేనమామ ఊళ్ళో ఆలుగడ్డ ఎలా పెడతారో ఒకసారి చూశాను. కానీ ఇరవై రెండేళ్ళు మూసిన నోరు అంత తేలిగ్గా తెరుచుకోదు. పైగా వరండాలో కూర్చున్న మొగులమ్మ, తలుపు సందులోంచి ఇదంతా వింటూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందని అందరూ అనుకున్నారు.

"పాతడానికి స్థలం?" అన్నాను.

"నేరస్థురాలే సమకూర్చాలి. అది శిక్షలో భాగం."

మొగులమ్మ లోపలికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. "నా ఎకరమే ఉన్నది సారూ. గంతకంటె నా దగ్గరేమున్నది? దున్ని పెట్టి ఉన్నది. మీకు తవ్వుడు అలకగుంటది."

మర్నాడు పొద్దున్నే తొమ్మిది మందిమి రెండు జీపుల్లో, పద్దెనిమిది సంచులు ఒక ట్రాలీ ఆటోలో ఎర్రగట్టు చేరాం. పొలం గట్టున షామియానా వేయించారు మార్కండేయులు గారు. ఇద్దరు సాక్షులు. ఒక ఫొటోగ్రాఫరు. తలా ఒక కత్తి.

నేను మొదటి గడ్డను అడ్డంగా కోయబోతే మొగులమ్మ ఆపింది. "గట్ల గాదు సారూ. నిలువుగ కొయ్యున్రి. ఒక్కో తునకకు ఒక్క మొలకన్న ఉండాలె."

"ఎందుచేత?" అని షామియానా కింద నుంచి గద్దింపు.

"మొలకనే గద సారూ తప్పు జేసింది," అంది మొగులమ్మ మెత్తగా. "మొలక లేని తునకను పాతిపెడితే తప్పు జెయ్యనిదాన్ని పాతినట్టయితది గద."

మార్కండేయులు గారు తల పంకించారు. "తర్కబద్ధం. రాసుకోండి."

కోసిన చోట తడి కారుతోందని, దుర్వాసన వస్తే ప్రజలు ఫిర్యాదు చేస్తారని ఆయనకు అనుమానం వచ్చింది. మొగులమ్మ ఇంట్లోంచి రెండు గంపల బూడిద తెచ్చి ముక్కలకు పట్టించింది. వాసన ఆగింది. మార్కండేయులు గారు గొయ్యి తీసి అన్నీ ఒకేచోట పోద్దామన్నారు గాని, లెక్క ఎలా అని నేను అడిగాను. అవును, నేనే అడిగాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"లెక్క ముఖ్యం," అన్నారు ఆయన. "కుప్పగా పాతితే లెక్క చెడుతుంది. వరుసలుగా పాతండి. ముక్కకూ ముక్కకూ జానెడు ఎడం. వరుసకూ వరుసకూ మధ్య పర్యవేక్షకుడు నడవడానికి దారి. పాతిన చోట మట్టి ఎత్తుగా పొయ్యండి, సమాధి మీద పోసినట్టు. రేపు తనిఖీకి వచ్చినప్పుడు గుర్తు తెలియాలి."

"లోతు సార్?"

"మరీ లోతైతే మళ్ళీ తవ్వి చూడటం కష్టం. బెత్తెడు చాలు."

సాయంత్రం నాలుగింటికల్లా ఎకరం పూర్తయింది. నా జీవితంలో అంత తీరుగా తీసిన సాళ్ళు మళ్ళీ చూడలేదు. వరుస వంకర పోయిన చోటల్లా మార్కండేయులు గారు తాడు పట్టించి సరిచేయించారు. ప్రభుత్వం చేసే పని ప్రభుత్వం చేసినట్టు ఉండాలని ఆయన పట్టుదల.

జీపు ఎక్కబోతుండగా మొగులమ్మ అడిగింది. "సారూ, మట్టి గుల్లగున్నది. కుక్కలు తవ్వితే మల్ల నా మీదికొస్తది. వారానికోపారి నీళ్ళు పెట్టి మట్టి అదిమియ్యన్నా?"

"పెట్టి తీరాలి. అది నీ బాధ్యత. పందులు, కుక్కలు, గడ్డీగాదం ఏదీ ఆ స్థలంలోకి రాకూడదు. వస్తే నిన్నే అడుగుతాను."

"గట్లనే సారూ," అంది మొగులమ్మ. వంగి దండం పెట్టింది. ఆ దండం ఎవరికి పెట్టిందో గాని చాలాసేపు వంగే ఉంది. లేచినప్పుడు కళ్ళు తుడుచుకుంది. ఈసారి నిజంగానే ఏడ్చింది.

పంచనామా నేనే రాశాను. "పద్దెనిమిది సంచుల అక్రమ మొలకలను ఛేదించి, ఖననం చేసి, సమూలంగా, శాశ్వతంగా ధ్వంసం చేయడమైనది. సదరు భూమిలో ఇక ఏమియు లేదు." కింద మార్కండేయులు గారు సంతకం చేసి, తేదీ వేసి, గుండ్రటి ముద్ర కొట్టారు. ఒక ప్రతి మొగులమ్మకు ఇచ్చాం. ఆమెకు చదువు రాదు. నా చేత రెండుసార్లు చదివించుకుని, భద్రంగా డబ్బాలో పెట్టుకుంది.

పుష్యమాసంలో సమాధుల తనిఖీకి వెళ్ళాం. ఎకరం అంతా మోకాలెత్తు పచ్చదనం. అక్కడక్కడ తెల్లపూలు కూడా వచ్చాయి. చుట్టుపక్కల నలభై ఒక్క పొలాలు బీడుగా, ఎర్రగా ఎండుతున్నాయి. వాటి నడుమ ఈ ఒక్క ఎకరం కళ్ళు జిగేలుమనేలా ఉంది. మొగులమ్మ గట్టున నిలబడి మమ్మల్ని చూసి కొంగు సవరించుకుంది. ఇంకా నెలన్నర ఉంది తవ్వకానికి.

మార్కండేయులు గారు గట్టు చివరిదాకా నడిచి వెనక్కి వచ్చారు. చివరికి నన్ను పిలిచారు.

"పంచనామాలో ఏమని ఉంది?"

"సమూలంగా, శాశ్వతంగా ధ్వంసమని సార్."

"సంతకం?"

"తమరిదే."

"ముద్ర?"

"గుండ్రటిది సార్. బాగా పడింది."

ఆయన రుమాలుతో మెడ తుడుచుకున్నారు. "మరి ఇప్పుడు నీకు ఇక్కడ ఏమి కనబడుతోంది?"

ఆలుచెట్ల ఆకులు నా మోకాళ్ళకు తగులుతున్నాయి. మంచుకు ప్యాంటు తడిసిపోయింది. "ఏమీ లేదు సార్," అన్నాను.

"స్పష్టంగా చూసి చెప్పు."

"ఖాళీ భూమి సార్."

"రాయి," అన్నారు. రాశాను. ఆయన వెనక్కి తిరిగి, పర్యవేక్షకుడి కోసం తాను వదిలిపెట్టించిన దారిలోనే, లేని చెట్లు తొక్కకుండా ఒద్దికగా నడుచుకుంటూ జీపు దగ్గరికి వెళ్ళారు. ఆయన మోచేతికి ఒక ఆకు అంటుకుంది. అది కూడా ఆయనకు కనబడలేదు.

శివరాత్రికి మొగులమ్మ నూట పాతిక సంచులు తవ్వుకుంది. అందులోంచి చిన్నవి, గుడ్డంతవి ఏరి, విత్తనానికి శీతల గిడ్డంగిలో వేసుకుంది.

మరుసటి ఏడు దీపావళి దాటగానే మా గేటు ముందు బళ్ళు బారులు తీరాయి. నలభై ఒక్కమంది, సంచులతో సహా. గోడలో వేపమొక్క అప్పటికి కిటికీ ఎత్తు దాటింది, వచ్చినవాళ్ళు దాని కొమ్మలకు సద్దిమూటలు తగిలించుకున్నారు. ముందు నిలబడ్డది సంగప్ప. మార్కండేయులు గారి ముందు సంచి విప్పి, మొలకలొచ్చిన గడ్డలు రెండు చేతుల నిండా ఎత్తి చూపించాడు.

"సారూ, నేను తప్పు జేసిన. అందరం జేసినం. మొలకలొచ్చినయ్. మా పొలాలు దున్ని పెట్టినం. మీరొచ్చి జెర నాశ్నం జేసి పోవాలె. మొగులమ్మయి జేసినట్టే జెయ్యున్రి, ఏం తక్కువ జెయ్యకున్రి."

మార్కండేయులు గారికి కళ్ళు చెమర్చాయి. "చూశావా, చట్టమంటే ఎంత భయభక్తులు ఏర్పడ్డాయో!" అని నాతో అన్నారు. తర్వాత రైతులవైపు తిరిగారు. "కానీ ధ్వంసం మీరు అనుకున్నంత తేలిక కాదు. ఎవరు పడితే వారు వచ్చి అడిగితే చేసేది కాదు. ధ్వంసార్థం ముందస్తు అనుమతి పొందాలి. దరఖాస్తులో పదమూడు గడులు ఉంటాయి. నలభై అయిదు పనిదినాలు. అంతవరకు సరుకు మా స్వాధీనంలో ఉంటుంది."

సంగప్ప చేతుల్లోంచి ఒక గడ్డ జారి కిందపడింది. ఆయన వంగి తీసుకుని, దాని మొలక విరిగిందేమోనని చూసుకున్నాడు. అప్పుడు నావైపు చూశాడు. కిందటేడు మూడుసార్లు మొలకలు తుంచి రమ్మని చెప్పింది నేనేనని ఆయనకు గుర్తే. నేను తల తిప్పుకున్నాను.

మధ్యాహ్నం సైకిలు తీసుకుని ఎర్రగట్టు వెళ్ళాను. మొగులమ్మ అప్పటికే గడ్డ పెట్టడం మొదలుపెట్టి, సగం ఎకరం ముగించింది. వంగిన మనిషి వంగినట్టే తల ఎత్తి నవ్వింది.

"అనుమతి ఏదమ్మా?" అన్నాను, అలవాటు కొద్దీ.

"నాకెందుకు సారూ? కాయితం మీద నా భూమిల ఏం లేదు గద. 'ఇక ఏమియు లేదు' అని మీరే రాసిన్రు. లేనిదానికి అడిగేదెవరు, ఇచ్చేదెవరు?"

నేను గట్టుమీద కూర్చున్నాను.

"సంగప్పకు కాయితం లేకపాయె," అంది ఆమె, ఇంకో ముక్క బోదెలో పెట్టి మట్టి కప్పుతూ. "పోయినేడు ముసలాయన వానకు నానిన గోడోలె కూలిండు. పాతిపెట్టుడు మేం జేసుకుంటం సారూ. మాకు రాత ఒక్కటే రాదు."

సైకిలు మీద తిరిగి వస్తూ ఆ మాటే ఆలోచించాను. నా జీవితంలో నాకు వచ్చింది కూడా అదొక్కటే.

ఆఫీసులో అడుగుపెట్టగానే తిన్నగా మార్కండేయులు గారి గదిలోకి వెళ్ళాను. "సార్, సంవత్సర నివేదిక గడువు శనివారం. జిల్లాలో ధ్వంసాల గడి కిందటేడు ఒకటి. ఈ ఏడు ఇప్పటికి సున్నా. నలభై ఒకటి ఇప్పుడే ధ్వంసమైనట్టు చూపగలిగితే..."

"షామియానా? ఫొటోలు? సిబ్బంది?"

"అవన్నీ క్షేత్రస్థాయి వ్యవహారాలు సార్. రికార్డులో పూర్తయితే..."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, గోడమీది శాలువా ఫొటోవైపు చూశారు. "పూర్తయినట్టే," అన్నారు నెమ్మదిగా. "వేపమొక్క విషయంలో మనం నెలకొల్పిన సంప్రదాయమే కదా."

సాయంత్రంలోగా నలభై ఒక్క పంచనామాలు రాశాను. చెయ్యి వాచిపోయింది. ఒక్కో దాంట్లో చివరి వాక్యం మాత్రం గుండ్రటి అక్షరాలతో, తీరిగ్గా రాశాను. సదరు భూమిలో ఇక ఏమియు లేదు. ముద్రలు పడ్డాక ఒక చిక్కు మిగిలింది. ధ్వంసమైపోయిన సంచులు రికార్డు గదిలో ఉండకూడదు. ఉంటే ఆడిటువాళ్ళు అడుగుతారు. రుక్మొద్దీన్ తాళం తీసి, "లే జావ్ భాయ్, జల్ది లే జావ్, ఇవి లేవు," అంటూ ఒక్కో సంచీ బండి ఎక్కించాడు. పున్నమికి ఇంకా పది రోజులుంది. సంగప్ప పంచనామాను కళ్ళకద్దుకుని, కిందటేటి అనుమతి పత్రం పక్కనే జేబులో పెట్టుకున్నాడు. పోతూ పోతూ నా బల్లమీద ఒక గడ్డ పెట్టి వెళ్ళాడు, పొట్టి మొలకలున్నది.

ఆ నివేదికతో ఎర్రగట్టు రాష్ట్రంలోనే తొలి ఆలుగడ్డ రహిత గ్రామమైంది. మార్కండేయులు గారికి డైరెక్టరుగా ప్రమోషన్ వచ్చింది. శివరాత్రి వెళ్ళిన వారానికి కార్యాలయం వెనకాల వీడ్కోలు విందు ఏర్పాటు చేశాం. వంటకు సరుకులు తెచ్చింది రుక్మొద్దీన్. మార్కండేయులు గారు విస్తరి ముందు కూర్చుని, కూర కలుపుకుని, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో నిజమైన ఆశ్చర్యం చూశాను.

"అద్భుతంగా ఉంది. ఏమిటిది?"

"ఆలుగడ్డ కూర సార్."

"ఎక్కడివి?"

వడ్డించేవాడి చేతిలో గరిటె ఆగింది. మిగతావాళ్ళంతా నావైపు చూశారు.

"ఎర్రగట్టువి సార్," అన్నాను. ఇరవై మూడేళ్ళలో ఆయనకు నేను చెప్పిన మొదటి నిజం.

ఆయన ముద్ద మింగి, వేలు చివర్న ఉన్న పోపుగింజను చూస్తూ కాసేపు ఆలోచించారు.

"ఎర్రగట్టులో ఆలుగడ్డలు లేవు కదా?"

"లేవు సార్."

"అయితే ఇంకొంచెం వెయ్యి," అన్నారు.